ఎయిర్ బెడ్ పరిచారు సరే, కింద చెయ్యి పెట్టి చూశారా?

మా నాన్నకి పక్షవాతం వచ్చి, ఇరవై రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు డిశ్చార్జి కాగితంలో మందులన్నీ రాసి, చివరి లైనులో "ఎయిర్ బెడ్ వాడాలి" అని రాశారు. అంతే. ఏది కొనాలో, ఎలా పరవాలో, గాలి ఎంత ఉండాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సర్జికల్ షాపుకెళ్ళి కొన్నాను, పరిచాను, పంపు నాబ్ ఆఖరిదాకా తిప్పాను. గట్టిగా ఉంటే గాలి బాగా పట్టినట్టే కదా అనుకున్నా. దాని మీద రబ్బరు షీటు, రబ్బరు మీద మందపాటి దుప్పటి, అదీ చాలదన్నట్టు మెత్తగా ఉంటుందని అమ్మ కుట్టిన పాత చీరల బొంత. ఇక బెడ్ సోర్ల (కదలకుండా పడుకుంటే ఒత్తిడికి చర్మం మీద పడే పుండ్ల) భయం లేదని రాత్రిళ్ళు నిశ్చింతగా పడుకున్నాం.

ఎనిమిదో రోజు కాథెటర్ (మూత్రం గొట్టం) మార్చడానికి వచ్చిన సిస్టర్ నాన్నని పక్కకి తిప్పింది. తోకఎముక మీద రూపాయి బిళ్ళంత మచ్చ, నేరేడుపండు రంగులో. "ఎయిర్ బెడ్ ఉంది కదండీ" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని నాన్న నడుము కిందకి దూర్చి, "మెత్తగా ఉందా?" అని అడిగింది. బల్ల మీద చెయ్యి పెట్టినట్టే ఉంది.

ఆ తర్వాత ఏడు నెలలు నేర్చుకున్నది ఇది. మీ ఇంట్లో ఎవరైనా మంచాన పడి ఉంటే, పరుపు డబ్బా విప్పే ముందే ఒకసారి చదవండి.

ఈ పరుపు చేసే పని ఏమిటి

మనం నిద్రలో మనకి తెలియకుండానే అటూ ఇటూ పొర్లుతాం. ఒకే చోట బరువు పడితే అక్కడి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి చర్మానికి రక్తం అందదు, ఒంటికి అది తెలిసి పక్కకి జరుగుతుంది. 1930లో యూజీన్ లాండిస్ అనే శాస్త్రవేత్త గోరు మొదట్లో ఉండే సన్నటి నాళాల్లో ఒత్తిడి కొలిచి చూస్తే సుమారు 32 మిల్లీమీటర్లు ఉంది. మన బీపీ మిషన్‌లో చూసే లెక్కే ఇది. అందరికీ, ఒంట్లో అన్ని చోట్లా అదే హద్దు అనుకోకూడదు గానీ, ఎంత తక్కువ ఒత్తిడికే రక్తం ఆగే ప్రమాదం ఉందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పొర్లలేని మనిషికి తోకఎముక దగ్గర, మడమల దగ్గర గంటల తరబడి అంతకన్నా ఎక్కువ బరువే పడుతుంది.

ఎయిర్ బెడ్‌లో గాలి గదులు రెండు జట్లుగా ఉంటాయి. ఒక జట్టు ఉబ్బుతుంటే రెండోది తగ్గుతుంది. కొన్ని నిమిషాల తర్వాత తారుమారు. చాలా పంపుల్లో ఒక చుట్టుకి పది నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. ఒంటిని మోసే చోటు అలా మారుతూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క చోటా రక్తం ఎక్కువసేపు ఆగదు. కదలలేని మనిషి బదులు మంచమే కాస్త కదులుతుందన్నమాట.

గాలి కంటే ముందు నీళ్ళు వచ్చాయి. 1830ల మొదట్లోనే నీల్ ఆర్నాట్ అనే స్కాట్లండ్ డాక్టరు తొట్టెలో నీళ్ళు పోసి, పైన రబ్బరు గుడ్డ పరిచి, దాని మీద రోగిని పడుకోబెట్టాడు. ఇప్పటి వాటర్ బెడ్‌కి అదే మూలం.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021 సమీక్షలో కూడా, ఫోమ్ పరుపుతో పోలిస్తే ఈ గాలి మారే పరుపులు పుండ్ల ముప్పుని తగ్గించవచ్చు అన్నంతవరకే తేలింది. పరిస్తే పుండ్లు రావు అని కాదు.

కొనేటప్పుడు

షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి బుడగలది. పల్చగా, గవ్వలు పరిచినట్టు వంద పైచిలుకు బుడగలు ఉంటాయి. చవక. రెండోది ట్యూబులది. అడ్డంగా పదిహేను ఇరవై గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి, నాలుగైదు అంగుళాల ఎత్తు లేస్తుంది. మనిషి సన్నగా ఉండి, ఒళ్ళు కొంతైనా కదిలిస్తూ, కొద్ది వారాల్లో లేస్తాడన్న నమ్మకముంటే బుడగలది సరిపోతుంది. బరువైన మనిషైనా, అసలు కదలకపోయినా, ఇప్పటికే మచ్చ కనిపించినా ట్యూబులదే తీసుకోండి. ట్యూబులదాంట్లో ఒక గొట్టం పాడైతే అదొక్కటే తీసి మార్చుకునే వీలు చాలావాటికి ఉంటుంది. బుడగలది ఒక చోట చిరిగితే ప్యాచ్ వేయాల్సిందే.

మామూలు రకాలు రెండున్నర వేల నుంచి ఐదారు వేల దాకా ఉంటాయి. హైదరాబాద్‌లో కోఠి వైపు, విశాఖలో కేజీహెచ్ చుట్టుపక్కల, గుంటూరులో కొత్తపేట వైపు, ఎక్కడైనా పెద్దాసుపత్రి ఉన్న వీధిలో సర్జికల్ షాపులు ఉంటాయి. కొన్ని చోట్ల నెల అద్దెకీ ఇస్తారు. అద్దెకి తెచ్చుకుంటే షాపులోనే గాలి పట్టించి, పావుగంట ఆగి రెండు జట్లూ మారుతున్నాయో లేదో చూసుకోండి. ఆ పావుగంటకి షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఎంత బరువు దాకా మోస్తుందో డబ్బా మీద ఉంటుంది, చూడండి. వెన్నెముక విరిగి ఇంకా అతకని మనిషికైతే డాక్టరు ఒప్పుకోకుండా ఎయిర్ బెడ్ వేయకూడదు. కింద మెత్తగా ఊగితే విరిగిన ఎముక కదులుతుంది.

పరవడం

నవారు మంచం, నులక మంచం పనికిరావు. మధ్యలో గుంట పడి గాలి పరుపూ వంగిపోతుంది. చదునైన మంచం మీద మామూలు పరుపు ఉంచి, దాని మీద ఎయిర్ బెడ్ పరవాలి. కింద పరుపు ఎందుకు అంటారేమో, కరెంటు పోయి గాలి దిగిపోయినప్పుడు మనిషి చెక్క మీద పడకుండా కాపాడేది అదే.

గాలి గొట్టాలు తగిలించే చివర కాళ్ళవైపు రావాలి. తలవైపు, కాళ్ళవైపు వేలాడే గుడ్డ అంచుల్ని కింది పరుపు కిందకి బాగా దోపండి, లేకపోతే తల పైకి లేపిన ప్రతిసారీ పరుపు జారుతుంది. పంపుని కొక్కేలతో కాళ్ళవైపు చట్రానికి తగిలించాలి, నేల మీద పెట్టకూడదు. ఇల్లు తుడిచే నీళ్ళు తగులుతాయి. ఇనుప మంచమైతే పంపు వణుకు మంచానికి పాకి రాత్రంతా జుయ్యిమని మోగుతుంది. కొక్కేనికీ చట్రానికీ మధ్య తువ్వాలు మడిచి పెడితే ఆ మోత తగ్గుతుంది. మా నాన్న మాట వచ్చాక మొదట అడిగింది ఆ మోత గురించే.

గొట్టాలు మడత పడకుండా, మంచం చక్రం కింద నలగకుండా చూసుకుని పంపు ఆన్ చేయండి. పూర్తిగా ఉబ్బడానికి అరగంట దాకా పట్టొచ్చు. మనిషిని అప్పుడే పడుకోబెట్టకండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పరుపు నాలుగంగుళాలు లేస్తే మంచం పక్కన ఉండే కమ్మీల ఎత్తు నాలుగంగుళాలు తగ్గినట్టే. పైగా అంచు మెత్తగా ఉంటుంది, మనిషిని అంచున కూర్చోబెడితే సర్రున జారిపోతాడు. కమ్మీలు సరిపోకపోతే మంచాన్ని గోడకి ఆనించి, రెండోవైపు కమ్మీ ఎప్పుడూ వేసి ఉంచండి. కూర్చోబెట్టాలంటే పక్కన మనిషి ఉండాల్సిందే.

గాలి ఎంత ఉండాలి: అరచెయ్యి పరీక్ష

పంపు మీద నాబ్ పక్కన కొన్నింటికి కిలోల్లో అంకెలుంటాయి, కొన్నింటికి మెత్తన, గట్టి అని మాత్రమే ఉంటుంది. మనిషి బరువుని బట్టి అక్కడ పెట్టండి, కానీ దాన్ని నమ్మి వదిలేయకండి. నాన్న బరువు 62 కిలోలు. నాబ్ మీద 60 దగ్గర పెడితే మా పరుపు గట్టిగానే ఉండేది.

మనిషి వెల్లకిలా పడుకున్నాక పది నిమిషాలు ఆగండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ళు చాచి, గాలి పరుపుకీ కింది మామూలు పరుపుకీ మధ్య నుంచి సరిగ్గా తోకఎముక కిందకి చెయ్యి దూర్చండి. ఉబ్బిన గది కాకుండా గాలి దిగిన గది కిందకి రావాలి చెయ్యి. అప్పుడు ఎముక మీ చేతికి గట్టిగా తగిలితే గాలి చాలడం లేదు, మనిషి కింది పరుపుని తాకుతున్నాడు. కనీసం ఒక అంగుళం మందాన గాలి మధ్యలో ఉండాలి.

ఇప్పుడు చెయ్యి తీసి పైవైపు నుంచి, దుప్పటి మీదుగా పిరుదుల పక్కన పరుపుని నొక్కండి. ఒళ్ళు పరుపులోకి కొంచెం దిగి ఉండాలి. పూరీ మీద వేలు పెట్టి నొక్కితే ఎలా దిగుతుందో అలా. ఫుట్‌బాల్‌లా ఎదురు తంతుంటే గాలి ఎక్కువైంది. నేను చేసిన తప్పు అదే. గాలి ఎక్కువైతే ఒళ్ళు దిగదు, బరువంతా నాలుగైదు ఎముకల మీదే నిలబడుతుంది.

నాబ్ కొంచెం తిప్పి, మళ్ళీ పది నిమిషాలు ఆగి, మళ్ళీ చూడండి. మొదటి రోజు మూడు నాలుగు సార్లు పడుతుంది. కుదిరిన చోట నాబ్ పక్కన పెన్నుతో గీత గీసి పెట్టుకోండి. వచ్చిన చుట్టాలు, పిల్లలు తిప్పేస్తే తెలుస్తుంది.

తల వైపు పైకి లేపినప్పుడు బరువంతా నడుము కిందకి దిగుతుంది. పడుకున్నప్పుడు సరిపోయిన గాలి కూర్చున్నప్పుడు చాలకపోవచ్చు. అప్పుడు ఇంకోసారి చెయ్యి పెట్టి చూడండి. తిండి పెట్టే టైము తప్పించి తలవైపు ముప్పై డిగ్రీలకి మించి లేపి ఉంచకండి, మనిషి కిందకి జారుతుంటే లోపలి కండ ఒకవైపు, చర్మం ఒకవైపు లాగుతాయి. పుండుకి అదీ ఒక దారి.

పైన ఏం వేయాలి

ఒక్క పల్చటి నూలు దుప్పటి. బిగించి కట్టకుండా వదులుగా వేయాలి. బిగిస్తే ఉయ్యాల గుడ్డలా సాగి నిలబడి గాలి గదుల పని పాడుచేస్తుంది. నడుము కింద అడ్డంగా ఒక పాత నేత చీరని నాలుగు మడతలు కాకుండా రెండు మడతలే వేసి ఉంచితే తిప్పడానికి పట్టు దొరుకుతుంది. మూత్రం, మలం తెలియని మనిషికి ఒక్క అండర్‌ప్యాడ్ చాలు. డైపరూ, దాని కింద ప్యాడూ, దాని కింద రబ్బరు షీటూ వేస్తే మీరు కొన్నది మామూలు పరుపే.

పరుపు ప్లాస్టిక్‌ది కాబట్టి ఎండాకాలం వీపు తడిసి ముద్దవుతుంది. రోహిణి కార్తెలో మేం దుప్పటి రోజుకి మూడుసార్లు మార్చాం. పౌడర్ దట్టించకండి, చెమటకి ముద్దలు కట్టి ఒరుస్తుంది.

తిప్పడం తప్పదు

ఇది చదివి చాలామంది నిట్టూరుస్తారు, తెలుసు. మామూలు పరుపు మీద రెండు గంటలకోసారి తిప్పమంటారు. ఎయిర్ బెడ్ ఉంటే, ఉదయం చూసినప్పుడు చర్మం శుభ్రంగా ఉంటేనే, రాత్రిపూట దాన్ని మూడు, నాలుగు గంటలకి పెంచవచ్చు. ఎయిర్ బెడ్ వల్ల నాకు కలిగిన అసలు మేలు ఆ రెండు గంటల నిద్రే. తక్కువేం కాదు అది.

ఇద్దరుంటే సులువు. చెరోవైపు నిలబడి నడుము కింది చీర అంచుల్ని ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకోండి. ముందు మనిషిని కొంచెం ఎత్తి మంచం ఒకవైపుకి జరపాలి, తర్వాత తిప్పాలి. ఈడ్చకూడదు. చచ్చుపడిన చెయ్యి పట్టుకుని లాగడం అసలు చేయకూడదు, భుజం కీలు జారుతుంది.

పక్కకి తిప్పడమంటే గోడవైపు ముఖం పెట్టి నిలువుగా పడుకోబెట్టడం కాదు. అలా చేస్తే తొంటి ఎముక మీద బరువు పడి అక్కడ పుండు మొదలవుతుంది. భుజం నుంచి నడుము దాకా వీపు వెనక ఒక దిండు పెట్టి, ముప్పై డిగ్రీలు ఒరిగేలా, దిండు మీద చేరబడినట్టు ఉంచాలి. మోకాళ్ళ మధ్య ఇంకో దిండు. మడమలకి మాత్రం పరుపు ఒక్కటే చాలదు. పిక్కల కింద పొడవాటి దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా ఉంచండి. కాగితం ఒకటి మడమ కింద దూర్చితే తగలకుండా బయటికి రావాలి.

ఎడమ, వెల్లకిల, కుడి. ఈ వరస గుర్తుండదు. మా ఇంట్లో గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే ఎ, వె, కు అని టైము వేసి రాసేవాళ్ళం. కొన్ని వర్జ్యం, రాహుకాలం మీద పడ్డాయి, అమ్మ ఏమీ అనలేదు.

రోజూ ఒకసారి టార్చి వేసి చూడాలి

స్నానం చేయించేటప్పుడో, ఒళ్ళు తుడిచేటప్పుడో తోకఎముక, తొంటి ఎముకలు, మడమలు, చీలమండలు, మోచేతులు, భుజం రెక్కలు, తల వెనక, చెవి అంచులు చూడండి. కాథెటర్ గొట్టం, ముక్కు గొట్టం ఒరిసే చోటు కూడా.

ఎర్రగా కనిపిస్తే వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా ఆలస్యం కాలేదు, ఆ వైపు బరువు పడకుండా చూస్తే తగ్గుతుంది. నొక్కినా రంగు మారకపోతే అది మొదటి దశ పుండు. మన చామనఛాయ, నలుపు ఒళ్ళ మీద ఎరుపు తేలిగ్గా కనపడదు. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, ఊదారంగు తిరిగిందా చూడండి. అరచేతి వెనకవైపుతో తాకితే వేడి బాగా తెలుస్తుంది.

ఎర్రబడిన చోట నూనె వేసి మర్దనా చేయాలని పెద్దవాళ్ళు చెబుతారు. వద్దు. లోపల అప్పటికే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో బొక్క ఉన్న గుండ్రటి గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం కూడా మానేయండి, చుట్టూ అంచున రక్తం ఆగిపోతుంది. తోలు ఊడినా, బొబ్బ లేచినా, నల్లబడినా, వాసన వస్తున్నా, జ్వరం తోడైనా ఇంటి వైద్యం పెట్టుకోకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి.

వైబ్రేషన్ సంగతి

"వైబ్రేటర్ ఉన్న బెడ్ తీసుకోండి సార్, రక్తం బాగా తిరుగుతుంది" అని షాపులో ఒకతను నన్ను బాగానే ఊరించాడు. అందులో నిజం ఎంతో తర్వాత తెలిసింది.

గాలితో నిండి వణికే పడకలు నిజంగానే ఉన్నాయి. పెద్ద ఆసుపత్రుల ఐసీయూల్లో ఖరీదైన కొన్ని బెడ్‌లలో ఛాతీ కింద ఉండే గాలి గదులు తట్టినట్టు కొడతాయి, వణుకుతాయి, మనిషిని నెమ్మదిగా రెండు వైపులా ఒరిగిస్తాయి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన కఫాన్ని కదిలించడానికి అవి. అదే పని చేసే గాలి జాకెట్లు కూడా ఉన్నాయి, ఛాతీకి తొడిగితే వేగంగా ఉబ్బుతూ తగ్గుతూ వణికిస్తాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బు ఉన్న పిల్లలకి, పెద్దలకి వాడతారు. ఇక పుండ్ల విషయానికొస్తే, జపాన్‌లో నర్సింగ్ పరిశోధకులు మొదటి దశ పుండ్లున్న ముసలివాళ్ళకి స్వల్పమైన కంపనం ఇచ్చి చూసి, త్వరగా మానాయని 2010లో రాశారు. అది మొదటి దశ గురించి, అందుకోసం చేసిన పరికరంతో. ఇంట్లో మెడనొప్పికి కొన్న మసాజర్ తెచ్చి ఎర్రబడిన చోట పెట్టమని కాదు.

మన ఇళ్ళలోని మామూలు ఎయిర్ బెడ్ వణకదు. అందులో కదిలేది గాలి, అదీ నిమిషాల మీద. కాబట్టి కఫం పని మీ చేతులే చేయాలి. మంచాన పడినవాళ్ళని పుండ్లతో పాటు భయపెట్టేది నిమ్ము. ఛాతీలో గురగుర వినిపిస్తుంటే డాక్టరునో ఫిజియోనో అడిగి, వాళ్ళ ముందు ఒకసారి చేసి చూపించి, తర్వాత ఇంట్లో ఇలా చేయండి.

తిన్నాక రెండు గంటలు ఆగాలి. ఉదయం పరగడుపున ఇంకా మంచిది. నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా పీల్పించే మిషన్) రాసి ఉంటే ముందు అది పెట్టండి, కఫం పల్చబడుతుంది. గురగుర ఉన్న వైపు పైకి వచ్చేలా పక్కకి తిప్పండి. గుళ్ళో తీర్థం పట్టడానికి అరచెయ్యి ఎలా గుంట చేస్తాం, అలా వేళ్ళు దగ్గరగా చేర్చి, ఆ గుంట చేతిని బోర్లించి పక్కటెముకల మీద తట్టండి. మణికట్టు వదులుగా ఉండాలి. చెయ్యి సరిగ్గా కుదిరితే బొక్ బొక్ అని బోలు శబ్దం వస్తుంది. చెంపదెబ్బలా ఫట్‌మంటే చెయ్యి చదునుగా ఉందని. ఒంటి మీద పల్చటి గుడ్డ ఉండాలి, మనిషికి నొప్పి తెలియకూడదు, చర్మం ఎర్రబడకూడదు. ఒక్కో చోట మూడు నుంచి ఐదు నిమిషాలు. వెన్నెముక మీద, రొమ్ము ఎముక మీద, పక్కటెముకల కింద, పొట్ట మీద తట్టకూడదు.

వైబ్రేషన్ ఆ తర్వాత. రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించి, మనిషి ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే, మోచేతులు బిగబట్టి సన్నగా వణికించాలి. చలికి చేతులు వణికినట్టుండాలి. ఊపిరి పీల్చేటప్పుడు ఆపేయాలి. నాలుగైదు ఊపిర్లకి చాలు. తర్వాత దగ్గమని చెప్పండి. దగ్గలేని మనిషైతే కఫం పైకి వచ్చి అక్కడే ఆగుతుంది, దాన్ని బయటికి లాగే సక్షన్ మిషన్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఎవరికి చేయకూడదో కూడా తెలియాలి. పక్కటెముక విరిగినవాళ్ళకి, కఫంలో రక్తం పడేవాళ్ళకి, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళకి, మెదడులో రక్తస్రావమై కొద్ది రోజులే అయినవాళ్ళకి, ఎముకలు బాగా గుల్లబారినవాళ్ళకి, రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళకి డాక్టరు సరేననకుండా వద్దు. పక్షవాతం వచ్చిన చాలామంది రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటారు, అందుకే అడగమంటున్నా.

ఇంకొకటి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాని మీద మసాజర్ గానీ, చేతి మర్దనా గానీ పనికిరాదు. లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కదిలిస్తే అది ఊపిరితిత్తులకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కరెంటు, పంక్చర్లు, మిగతా తలనొప్పులు

పంపు తినే కరెంటు చాలా తక్కువ, పది వాట్లకి అటూ ఇటూ. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైనులోనే పెట్టించండి, బిల్లు గురించి టెన్షన్ పడి రాత్రి ఆపేయకండి. ఇన్వర్టర్ లేకపోతే, కరెంటు పోయిన వెంటనే గొట్టాలని పరుపు దగ్గర మడిచి రబ్బరు బ్యాండు గట్టిగా చుట్టండి, కొంతసేపు గాలి నిలుస్తుంది. గాలి కదలదు కాబట్టి ఆ టైములో రెండు గంటల తిప్పుడు మళ్ళీ మొదలు. కరెంటు రాగానే బ్యాండు తీయడం మర్చిపోకండి. మేం ఒకసారి మర్చిపోయాం. పంపు తిరుగుతూనే ఉంది, పరుపు సగం చచ్చి ఉంది, తెల్లారి దాకా ఎవరూ చూడలేదు.

గాలి తగ్గుతుంటే ముందు గొట్టాల మూతులు చూడండి, చాలాసార్లు అక్కడే వదులై ఉంటుంది. కాకపోతే సబ్బు నురగ పూసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి, సైకిల్ ట్యూబుకి చూసినట్టే. డబ్బాలో ప్యాచ్, జిగురు ఇస్తారు. సేఫ్టీ పిన్నులు, ఇంజెక్షన్ సూదులు, దువ్వెనలు మంచం మీదకి రానివ్వకండి. సాంబ్రాణి, అగరొత్తులు ఆ గదిలో వద్దు, ఆక్సిజన్ పెట్టి ఉంటే దీపం కూడా వద్దు.

తుడవాలంటే పంపు ఆపి, ప్లగ్ తీసి, సబ్బు నీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఎండలో వేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

తిండి

పరుపు ఎంత మంచిదైనా ఒంట్లో మాంసకృత్తులు లేకపోతే చర్మం నిలవదు. పుండు ముప్పున్నవాళ్ళకి కిలో బరువుకి రోజుకి ఒకటింబావు నుంచి ఒకటిన్నర గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే. రోజంతా గంజి, జావ తాగించి సరిపెట్టే ఇళ్ళు చూశాను. పప్పు మెత్తగా ఉడికించి కలపండి, గుడ్డు, పెరుగు, పాలు చేర్చండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే. తినిపించేటప్పుడు తలవైపు బాగా లేపి, తిన్నాక అరగంటైనా అలాగే ఉంచండి. తర్వాత దించి, మళ్ళీ కింద చెయ్యి పెట్టి చూడండి.

గుండె ఆగితే

దీన్ని రాయకుండా వదిలేద్దామనుకున్నాను. మెత్తటి గాలి పరుపు మీద ఛాతీ నొక్కితే ఒళ్ళు మొత్తం కిందకి దిగుతుంది గానీ గుండె మీద ఒత్తిడి పడదు. కొన్ని పరుపులకి సీపీఆర్ అని రాసిన మూత ఉంటుంది, అది లాగితే గాలి గబగబా పోతుంది. లేకపోతే గొట్టాలు పీకేయండి, వీపు కింద చెక్క పలక దూర్చండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు నొక్కడం మొదలుపెట్టాలి. మీ పరుపుకి ఆ మూత ఎక్కడుందో ఈరోజే చూసి పెట్టుకోండి.

నాన్న తోకఎముక మీది మచ్చ మూడు వారాల్లో పోయింది. ఏడో నెలలో వాకర్ పట్టుకుని వరండా దాకా వచ్చాడు. పరుపు తుడిచి ఆరబెట్టి, మడిచి, పంపు, ప్యాచ్ డబ్బా, రెండు నూలు దుప్పట్లతో సహా పక్కవీధిలో వాళ్ళ అత్తగారికి తొంటి ఎముక ఆపరేషన్ అయిన ఇంటికి ఇచ్చాం. పరిచే రోజు నేనూ వెళ్ళాను. వాళ్ళ కోడలు నాబ్ ఆఖరిదాకా తిప్పి, "బాగా గట్టిగా ఉంది అన్నయ్యా" అంది సంతోషంగా. "గాజులు ఒకసారి తియ్యమ్మా" అన్నాను.